కళ్ళకద్దుకున్న బంతి

నా చిన్నప్పుడు దేవుడి ముందు నిలబడితే నాకు ఒక్కటే కోరిక ఉండేది. మా స్కూల్లో ఒకడి ముక్కు పగలాలి. పిల్లలందరూ మార్కులు అడుక్కునేచోట నేను వాడి ముక్కు అడిగేవాణ్ణి. అరవై దగ్గర పడ్డాయి, ఇప్పటికీ వాడు గుర్తొస్తే పళ్ళు బిగుసుకుంటాయి. పేరు మాత్రం రాయను. వాడికి ఆ మర్యాద కూడా దండగ.

అప్పుడు మేముండేది ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన డార్విన్‌లో. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. నేను పదో తరగతిలో ఉండగా అమెరికా నుంచి ఆటల మాస్టారు ఒకాయన వచ్చి, క్రికెట్టు తప్ప ఎరగని నాలాంటివాళ్ళకు తన దేశపు ఫుట్‌బాల్ నేర్పుతానన్నాడు. పేరుకు ఫుట్‌బాలే గానీ అందులో కాలికంటే చేతికే పని ఎక్కువ. రెండు కొసలూ కూచిగా ఉండే కోలబంతి. జట్టులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. బంతి ముందు వాడి చేతికే వస్తుంది. వాడు నాలుగడుగులు వెనక్కి వేసి, ముందుకు పరిగెడుతున్న తనవాళ్ళలో ఎవరు ఖాళీగా దొరికారో చూసి వాళ్ళకు విసరాలి. మాది చిన్నపిల్లల పద్ధతి కాబట్టి మీదపడి కూలదొయ్యడాలు లేవు. నడుముకు దోపుకున్న గుడ్డపేలిక అవతలివాడు లాగేస్తే అక్కడితో ఆగిపోవాలి. క్రికెట్లో బౌండరీ దగ్గర్నుంచి సూటిగా వికెట్లకు కొడతానని మాస్టారు నన్ను క్వార్టర్‌బ్యాక్‌ని చేశాడు.

అక్కడే పట్టుకుంది నా ఖర్మ. నాకు అక్షరాలు దిద్దించిన మా తాతయ్య ఒక అలవాటు చేసి పంపాడు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి. పని మొదలుపెట్టేముందు పనిముట్టును కళ్ళకద్దుకోవాలి. పెన్నయినా అంతే, బ్యాటయినా అంతే. ఈ కోలబంతి కూడా విసరబోయేముందు నాకు తెలియకుండానే రెప్పపాటులో కళ్ళదాకా వెళ్ళి వచ్చేది.

మా స్కూల్లోనే అవతలి జట్టుకు కెప్టెన్ వాడు, నేను ముక్కు పగలాలని మొక్కుకున్నవాడు. వాడు అది పసిగట్టాడు. నేను బంతిని ముద్దు పెట్టుకుంటున్నానని వాడు అనుకున్నాడు. ఏమనుకుంటే ఏం, బంతి నా మొహం దగ్గరికి వెళ్ళిందంటే మరుక్షణం విసురుతానని కనిపెట్టేశాడు కదా. ఒకే ఆటలో మూడుసార్లు మధ్యలో దూరి అందుకున్నాడు. మూడోసారి బంతిని తన మూతికి చప్పుడయ్యేలా ఆనించి, "కిస్ ఇట్, మేట్!" అని అరిచాడు. అంతే, ఆ రోజు నుంచి స్కూలంతా నాకు అదే పేరు. కారిడార్లో అదే, క్యాంటీన్ వరసలో అదే.

దాన్నైనా దిగమింగేవాణ్ణేమో. వారం తిరక్కుండా వాడు నా సంచిలోంచి డిక్షనరీ లాగి నేలమీద పడేశాడు. మేము ఆస్ట్రేలియా బయల్దేరేముందు మా తాతయ్య తన చేత్తో నా పేరు రాసి ఇచ్చిన డిక్షనరీ అది. దానిమీద బూటుకాలు మోపి అటూ ఇటూ తిప్పాడు. నేను వాణ్ణి తోసి పుస్తకం లాక్కున్నాను. లాక్కుని, చూడండి నా బుద్ధి, అంతమందిలో దాన్ని కళ్ళకద్దుకున్నాను! చెయ్యి దానంతట అదే వెళ్ళింది. వాళ్ళ నవ్వులకు రేకుల కప్పు ఎగిరిపోతుందనుకున్నాను.

ఆ సాయంత్రం మా పెరట్లో నీళ్ళ ట్యాంకును వాడి మొహం అనుకుని బంతి విసరడం మొదలుపెట్టాను. ఎంత కసిగా విసిరితే అంత అడ్డదిడ్డంగా పోయేది. గాల్లో గిలగిల కొట్టుకుని ఎక్కడో పడేది. కంచె అవతలినుంచి పక్కింటి ఆంటీ చూస్తోంది. మా నాన్న పనిచేసే ఆసుపత్రిలోనే ఆవిడ నర్సు. ఉప్పాడ దగ్గరి బెస్తపల్లె నుంచి వచ్చింది. మగపిల్లలు లేని వాళ్ళ నాన్న ఆవిడకే వల విసరడం నేర్పాడట.

"ఏట్రా అబ్బాయ్, ఆ ట్యాంకు నీకేం ద్రోహం చేసింది?" అంది.

ఏడుపు ఆపుకుంటూ అంతా చెప్పేశాను. వాడి ముక్కు పగలగొట్టాలని కూడా చెప్పాను. ఆదివారం వస్తే చర్చి తప్పని మనిషి, క్షమించమని చెబుతుందనుకున్నాను. ఆవిడ మాత్రం, "క్షమించడం సంగతి ఆదివారం చూసుకుందాం. శనివారం పొద్దున్నే జెట్టీకి రా," అంది.

ఆ డ్రై సీజన్లో, వానల్లేని ఆ నెలల్లో, శనివారాలన్నీ నాకు ఆ జెట్టీ మీదే గడిచాయి. మడచెట్ల మధ్యనుంచి పోటు ఎక్కే వేళకు ఆవిడ విసురువల భుజాన వేసుకుని నిలబడేది. మొసళ్ళ భయానికి నన్ను అంచుకు రానిచ్చేది కాదు. నా కళ్ళముందు ఒకసారి చేతిబలంతో విసిరింది, వల ముద్దలా పడింది. రెండోసారి విసిరింది, నీళ్ళమీద గుండ్రంగా విచ్చుకుంది.

"చెయ్యి వదిలేదేరా, విసిరేది నడుము. ఆ నడుముకి దారి చూపేది కాలు. నీ కోపమంతా చేతిలో ఉంది, అందుకే బంతి తూలిపోతోంది. కిందకి దింపు, కాళ్ళలోకి దింపు," అంది.

అమెరికా మాస్టారు చెప్పిందీ అదే. ఆయన చెబితే ఎక్కలేదు, వల చూశాక ఎక్కింది. పక్కకు తిరిగి నిలబడాలి, ఎడమ భుజం విసరబోయే వైపు ఉండాలి. బరువు వెనక్కాలి మీద ఆపి, ముందుకాలు సూటిగా అటే వెయ్యాలి. ముందు నడుము తిరగాలి, దాని వెనక భుజం, ఆఖరున మోచెయ్యి. మోచెయ్యి భుజానికంటే కిందికి జారకూడదు. బంతి చెవి పక్కనుంచి పోవాలి, వదిలాక బొటనవేలు నేలను చూడాలి. నెలన్నర తిరిగేసరికి బంతి బొంగరంలా తిరుగుతూ, తూలకుండా, నేననుకున్న చోట దిగేది. ఒక్కొక్క విసురుకూ వాడి బూటుకాలు తలుచుకునేవాణ్ణి.

ఒక శనివారం ఆంటీ వలలో పడ్డ చిన్నచేపల్ని ఏరి బకెట్లో వేస్తోంది. పెద్ద పండుగప్పల్ని పట్టడానికి ఎర అవి. నేను బంతి విసరబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"ఆ కళ్ళకద్దుకోవడం చూశాకే కదా వాడు నిన్ను పట్టుకుంటున్నది. అది మానెయ్, లేదా అదే ఎర వెయ్."

ఎర అన్న మాట వినగానే నాకు ఎత్తు దొరికింది. అద్దుకున్నట్టు అద్దుకుని విసరకుండా ఆగితే? వాడు గాల్లోకి లేస్తాడు, నేను వాడు వదిలేసిన చోటికి విసురుతాను. నా మొహంలో సంతోషం చూసి ఆంటీ బకెట్ మూత పెట్టింది.

"ఒకటి గుర్తుపెట్టుకో బాబూ. ఎరకి వాడిన చేపని మళ్ళీ ఇంటికి తెచ్చి కూర వండుకోలేం. ఆలోచించుకో," అంది.

నేను ఆలోచించలేదు. పగ కళ్ళకు కమ్మినవాడికి ఆలోచన ఎక్కడిది!

టర్ము ఆఖర్న పోటీ పెట్టారు. స్కూలంతా వచ్చింది, కంచె పక్కన డ్యూటీ బట్టల్లో ఆంటీ కూడా ఉంది. ఆటంతా నేను బంతిని మొహం దగ్గరికి మామూలుగానే తీసుకెళ్ళాను, చిన్న చిన్న విసుర్లు వాడికి కావాలనే వదిలేశాను. రెండు బంతులు వాడు అందుకున్నాడు. "కిస్ ఇట్" అని గుంపంతా పాట కట్టింది. పాడుకోండి నాయనా అనుకున్నాను. మేము ఒక్క గీత దాటితే గెలుస్తాం, మిగిలింది ఒక్క అవకాశం.

బంతి చేతికొచ్చింది. నాలుగడుగులు వెనక్కి వేశాను. ఎడమవైపు నిలబడ్డ మావాడి కేసి చూస్తూ, ఇంత నిదానంగా, పూజలో హారతి కళ్ళకద్దుకున్నంత భక్తిగా, బంతిని కళ్ళకద్దుకున్నాను. వాడు తాడు తెగిన ఎద్దులా ఎడమవైపు దూకాడు. నేను విసరలేదు. కాళ్ళు కుడికి సర్దుకున్నాను. ముందుకాలు, నడుము, భుజం, మోచెయ్యి. బంతి వాడు ఖాళీ చేసిన మూలకు పోయి, గీత అవతల కాచుకున్న ఇంకొక మావాడి గుండెల్లో దిగింది. ఆ కెప్టెన్ గాల్లోనే వెనక్కి తిరగబోయి, ఎండిన నేలమీద బోర్లా పడ్డాడు. లేచేసరికి ముక్కునుంచి రక్తం. నేను దేవుణ్ణి అడిగిన ముక్కే!

అబ్బ, ఆ తీపి! అబద్ధమెందుకు, అంతకంటే తీయనిది నేను మళ్ళీ రుచి చూడలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. నేను వెళ్ళి బంతి తెచ్చి వాడి ముందు పెట్టాను. పెట్టి, దానిమీద నా బూటుకాలు మోపాను. అటూ ఇటూ తిప్పాను.

"కిస్ ఇట్, మేట్," అన్నాను.

స్కూలంతా విరగబడి నవ్వింది. ఈసారి వాణ్ణి చూసి. నేను వంగి బంతి తీసుకున్నాను. కాలు తగిలింది కదా, చెయ్యి అలవాటుగా కళ్ళవైపు లేచింది. సగంలో ఆగిపోయింది. ఎంత లేపుదామన్నా లేవలేదు. ఒక్క నిమిషం కిందట అదే పని నటనగా చేశాను, ఇప్పుడు నిజంగా చెయ్యడానికి నాకు సిగ్గేసింది. కంచె దగ్గర ఆంటీ నన్నే చూస్తోంది. చప్పట్లు కొట్టలేదు, తిట్టనూ లేదు. సాయంత్రం గిన్నెడు చేపల పులుసు పంపింది.

వాణ్ణి నేను క్షమించలేదు. ఆదివారాలు ఎన్నో వచ్చి వెళ్ళాయి, ఆంటీ కూడా వెళ్ళిపోయింది. ఏ పనికైనా ముందు కాళ్ళు సర్దుకోవడం, కోపాన్ని చేతిలోకి రానివ్వకపోవడం ఆవిడ నాకిచ్చినవి. వాటితోనే ఉద్యోగం చేశాను, సంసారం నెట్టుకొచ్చాను.

మా తాతయ్య డిక్షనరీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అట్టమీద వాడి బూటుమచ్చ చెరగలేదు. మొన్న దుమ్ము దులుపుతుంటే జారి నా పాదం మీద పడింది. ఐదేళ్ళ మనవడు పక్కనే ఉన్నాడు, వాళ్ళమ్మ బాగానే నేర్పింది. గబుక్కున తీసి తన కళ్ళకద్దుకుని, "యువర్ టర్న్, తాతా," అని నాకందించాడు. నేను రెండు చేతులా పుచ్చుకున్నాను. గుండెదాకా ఎత్తాను. అంతకు మించి నా చేతులు లేవలేదు. మనవడు ఎదురుచూస్తూనే ఉన్నాడు.