లండన్ కాలరు మీద అమ్మ పసుపు

మొన్న మా మనవడు బళ్ళారి పోయి ఒక అంగీ కొనుక్కొచ్చాడు. జేబు పైన గోరంత గుర్తు కుట్టి ఉంది. ఆ గుర్తు లేకుండా అదే గుడ్డ, అదే కుట్టు పక్క అంగట్లో సగం ధరకే దొరుకుతుందని వాడే చెప్పాడు. మరి అక్కడే కొనొచ్చు కదరా అంటే నా వైపు జాలిగా చూశాడు.

"నీకు తెల్దులే తాతా. నువ్వు ఎప్పుడన్నా మంచి కంపెనీ షర్టు వేసుకున్నావా?"

వంటింట్లో మా ఆవిడ సరోజ చేతిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆ వెంటనే నవ్వు వినిపించింది. ఆ నవ్వు నాకు మా పెళ్ళికంటే ముందునుంచీ తెలుసు.

వేసుకున్నానయ్యా. జన్మకి ఒక్కసారి వేసుకున్నాను. ఆ ఒక్కసారికే కుదరబోయిన సంబంధం అంచుదాకా పోయింది, సొంత మేనమామ నడిబస్సులో నన్ను తెలియనట్టు మొహం తిప్పుకున్నాడు, ఊళ్ళో చాలాకాలం నన్ను 'లండనప్పా' అని పిలిచారు. ఖరీదైన బట్టలు కొనాలా వద్దా అని ఎవరికైనా సందేహముంటే నా దగ్గరకు రండి. నా అంత అనుభవజ్ఞుడు ఈ జిల్లాలో ఇంకొకడు లేడు.

మా వైపు పొలాలకు తుంగభద్ర కాలువ నీళ్ళు కొత్తగా అందుతున్న రోజులు. నేను బళ్ళారిలో పి.యు.సి. గట్టెక్కి తెక్కలకోటకు తిరిగొచ్చాను. చదువు ఎంత వంటబట్టిందో దేవుడికెరుక గానీ షోకు మాత్రం నిలువెల్లా పట్టింది. నూనె రాయకుండా తల దువ్వేవాణ్ణి. అంగీని అంగీ అనేవాణ్ణి కాదు, షర్టు అనేవాణ్ణి. అలాంటి సమయంలో గాదిలింగప్ప మామ, అంటే మా అమ్మ తమ్ముడు, సిరుగుప్ప సంబంధం తెచ్చాడు.

పిల్ల పేరు సరోజ. ఆ పిల్లను నేను అంతకుముందే ఒక పెళ్ళిలో చూశాను. పంక్తిలో సాంబారు వడ్డిస్తూ, విస్తరి ముందు కూర్చుని తల దువ్వుకుంటున్న నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వుకి అర్థం ఏమిటో ఆలోచిస్తూ నేను అన్నం సరిగ్గా తినలేదు. అందుకే మామ ఆ పేరు చెప్పగానే నా గుండె గంతులేసింది. ఈ సంబంధం తప్పిపోతే నాకు పెళ్ళే వద్దని అప్పటికప్పుడు తీర్మానించుకున్నాను.

"ఒగటే కష్టం ఉండాదిరా ఈరన్నా," అన్నాడు మామ. "పిల్ల నాయన హనుమంతప్పకి నాటకాలోళ్ళంటే ఒళ్ళు మంట. ఆయప్ప తమ్ముడు ఎడ్లు అమ్ముకొని నాటకం కంపెనీ ఎనక పోయినాడు. ఆడేషం కట్టి కట్టి, ఇంగ ఇంటి మొగమే సూడలేదు. అబ్బుట్నుంచి ఎవురన్నా పిల్లోడు కొంచెం సోకుగా కనిపిస్తే సాలు, 'ఏ కంపెనీ?' అంటాడు. నువ్వు పద్ధతిగా రావాల, తెలిసిందా?"

"తెలిసింది మామా," అన్నాను. పద్ధతి అంటే అప్పట్లో కొత్తగా వచ్చిన టెరిలిన్ గుడ్డ షర్టు అని నాకు అర్థమైంది.

పెళ్ళిచూపులకు పంచె, అంగీ, చెప్పులు కొనుక్కోమని నాయన వేరుశనక్కాయలు అమ్మిన దుడ్డు చేతిలో పెట్టాడు. అందులో అమ్మ చీరకని తీసిపెట్టింది కూడా కలిసి ఉందని నాకు తర్వాత తెలిసింది. నేను తిన్నగా బళ్ళారిలో బెంగళూరు రోడ్డుకు పోయాను. అక్కడ అంగడిసాయిబు నా తలకట్టు చూసే నా బుద్ధి కొలత తీసుకున్నాడు.

"దేఖో సాబ్, అసల్ ఫారిన్ మాల్! మడత పడదు. ఇస్త్రీ జరూరత్ నై. ఉతికితే బీడీ కాలేలోపల ఆరిపోతది."

పాలలాంటి తెలుపు. కాలరు లోపల లండన్ అని ఇంగ్లీషులో నేసిన చిన్న గుడ్డముక్క. ఆ ముక్క చూశాక నాకు ఇంకేమీ కనిపించలేదు. తెచ్చిన దుడ్డంతా దానికే సరిపోయింది. పాత పంచె, అరిగిన చెప్పులు అలాగే ఉండిపోయాయి. పైన లండన్, కింద తెక్కలకోట. అయినా పెళ్ళిచూపుల్లో పిల్ల నా మొహం చూస్తుంది గానీ కాళ్ళు చూస్తుందా అని సర్దిచెప్పుకున్నాను.

ఇక్కడ మా ఇళ్ళలో ఒక పద్ధతి చెప్పాలి. కొత్తగుడ్డ ఏదైనా సరే, ఒక మూల పసుపు తాకించకుండా ఒంటిమీద వేసుకోనివ్వరు. ఆ సంగతి తెలిసే నేను షర్టును ట్రంకుపెట్టెలో అడుగున దాచాను. ప్రయాణం రోజు పొద్దున దాన్ని తీసి మంచం మీద పరచి స్నానానికి పోయాను. తిరిగొచ్చి చూస్తే కాలరు రెండు కొసల మీదా అమ్మ బొటనవేలి ముద్రలు, పచ్చగా, తడిగా, నిండుగా.

"అమ్మా! ఏంది ఇది!"

"పసుపు నాయనా."

"లోపల యాడన్నా పెట్టొచ్చు గదా!"

"మంచి పనికి పోతాండావని బాగా కనపడేతట్టు పెట్టినా," అంది అమ్మ ఎంతో ఆప్యాయంగా. "నీ సెడ్డీలకి గూడ పెట్టినా సిన్నప్పుడు. అబ్బుడు ఏమీ అనలేదే?"

"ఇది ఫారిన్ షర్టమ్మా!"

"ఫారిన్‌దైతే దిష్టి ఇంగా ఎక్కువ తగుల్తాది."

దీనికి పి.యు.సి.లో జవాబు లేదు. నేను షర్టు పట్టుకొని దొడ్లోకి పరిగెత్తాను. బట్టల సబ్బు తీసుకుని కాలరు మీద రుద్దాను. చదువరులారా, పసుపు పోలేదు. ఎర్రబడింది! కళ్ళు నులుముకొని మళ్ళీ రుద్దాను. ఇంకా ఎర్రబడింది. సబ్బు చాలలేదనుకొని చాకలిసోడా తెచ్చి పట్టించాను. కాలరు రెండు వైపులా తాంబూలం ఉమ్మినట్టు తయారైంది. కాలేజీ ల్యాబులో లిట్మస్ కాగితం రంగులు మారుతుంటే చూసి, అదెందుకు మారుతుందో పరీక్షలో పేజీ నిండా రాసినవాణ్ణి నేను. ఆ చదువులో ఒక్క ముక్క కూడా ఆ పొద్దు దొడ్లోకి రాలేదు.

ఇంతలో మామ వచ్చేశాడు. బస్సు టైమైంది. సరిగ్గా జాడించకుండానే షర్టు దులిపి ఎండలో పట్టుకున్నాను. సాయిబు అబద్ధం చెప్పలేదు, బీడీ కాలేలోపల ఆరిపోయింది. ఎరుపు కూడా దాంతోపాటే గట్టిగా ఆరిపోయింది.

అమ్మ గుమ్మంలో ఉతికి మడతపెట్టిన పాత నూలు అంగీ పట్టుకొని నిలబడింది. "ఇది ఏసుకో నాయనా," అంది. అది వేసుకొని ఉంటే ఈ కథే లేదు. కానీ లండన్‌ను పెట్టెలో పెట్టి తెక్కలకోటను తొడుక్కోవడానికి నాకు మనసొప్పలేదు.

మామ నన్ను చూసి అదిరిపడ్డాడు. "ఏందిరా అది? గడ్డం గీసుకుంటా గొంతు కోసుకున్న్యావా?"

"కాదు మామా, డిజైను. లండన్‌లో ఇప్పుడు కాలరు కొసలకి ఎరుపే ఏస్తాండారు."

"హౌదా?" అన్నాడు మామ పాపం, పూర్తిగా నమ్మి. "రెండు పక్కలా ఒగటే మాదిరి లేదే?"

"అదే ఫ్యాషను మామా."

బస్సులో నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూశాడు. కిటికీలోంచి వరిమళ్ళు చూశాడు, మళ్ళీ నా కాలరు చూశాడు. చివరికి ఉండబట్టలేక ముందుకు వంగాడు.

"ఏనప్పా, ఈ రాత్రి ఆట యాడ? రంగు ఇంగా సరిగ్గా తుడ్సుకోలేదే?"

మామ మొహంలో రక్తం ఇంకిపోయింది. హనుమంతప్ప గుర్తొచ్చి ఉంటాడు. మెల్లగా లేచి వెనక సీటుకు పోయి, సిరుగుప్ప వచ్చేదాకా నేనెవరో తెలియనట్టు కూర్చున్నాడు.

హనుమంతప్ప ఇంటి నడవలో చాప పరిచారు. ఎండ మండిపోతోంది. టెరిలిన్‌లోకి గాలి దూరదని సాయిబు చెప్పలేదు, నేను అడగలేదు. లోపల చెమట కాలువ కట్టింది. హనుమంతప్ప మా క్షేమం అడగలేదు, వానలు అడగలేదు, పంట అడగలేదు. నా కాలరు వైపే చూస్తూ మీసం దువ్వుకున్నాడు.

"అదేందప్పా ఎర్రగా?"

"డిజైను సార్. లండన్‌ది."

"లండన్‌లో మెడకి రంగు పూసుకుంటారా?"

"మెడకి కాదు సార్, షర్టుకి."

"ఏ కంపెనీ?"

నేను షర్టు కంపెనీ అడుగుతున్నాడనుకోలేదు లెండి, అంత మూఢుణ్ణి కాను. నాటకం కంపెనీ అనే అర్థమైంది.

"నేను నాటకాలు ఆడను సార్! అమ్మ తోడు!"

"మా తమ్ముడు గూడ అట్లనే అమ్మ తోడన్న్యాడు," అన్నాడాయన. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది. "వాని మెడ కాడ గూడ ఇట్లనే ఎరుపు ఉండేది. ఏందిరా అంటే, సెమటకాయలన్న్యాడు. మరుసటిరోజు ఎడ్లు లేవు, వాడు లేడు. గాదిలింగప్పా, నువ్వు తెలిసిన మనిసివి. ఇట్లాంటోణ్ణి పిల్చకరావొచ్చునా?"

"లేదప్పా, పిల్లోడు మంచోడు, అంగీనే..." అని మామ నీళ్ళు నమిలాడు.

సరిగ్గా అప్పుడే సరోజ నిమ్మకాయ శరబత్తు తెచ్చింది. తల వంచుకొని గ్లాసు అందించింది. ఆ మొహం మళ్ళీ చూడగలనో లేదో అనిపించి నాకు నిజంగా ఏడుపొచ్చింది. ధైర్యం కోసం గ్లాసెత్తి ఒక్క గుక్కలో పోసుకోబోయాను. సగం గొంతులోకి పోయింది, సగం గడ్డం మీదుగా జారి కుడివైపు కాలరు మీద పడింది.

హనుమంతప్ప చాప మీదనుంచి లేచి నిలబడ్డాడు.

"యో! రంగు మార్తాండాది!"

చూసుకున్నాను. ఎడమవైపు ఎరుపు ఎరుపుగానే ఉంది. కుడివైపు ఎరుపు మా కళ్ళముందే పచ్చగా తిరిగిపోతోంది. వీధిలో పోతున్నవాళ్ళు ఇద్దరు గడపలోకి తొంగిచూశారు.

"ఏమప్పా ఇది?" అన్నాడు హనుమంతప్ప.

నా మీద జాలిపడి మామే జవాబు చెప్పాడు. "లండన్‌ది కదప్పా. అట్లనే మార్తాదేమో."

లోపలి గుమ్మం దగ్గర నవ్వు పేలింది. పెళ్ళిపంక్తిలో విన్న అదే నవ్వు. సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు.

"నాయనా, అది రంగు కాదు, పసుపు! పసుపు మీద సబ్బు పెట్టి రుద్దినారు. అందుకే ఎర్రగయింది. నిమ్మకాయ నీళ్ళు పడ్తానే మళ్ళా పసుపయింది. పోయిన ఉగాదికి నా రైక గూడ ఇట్లనే అయ్యింది గదా!"

హనుమంతప్ప దగ్గరికొచ్చి వంగి, కాలరు వాసన చూశాడు. మీసం నా చెవికి తగిలింది.

"పసుపే," అన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఎవురు పెట్టినారు?"

"మా అమ్మ."

"అమ్మ పెట్టిన పసుపు సబ్బు పెట్టి కడిగినావా?"

నాటకాలోడు అనిపించుకున్నప్పుడు కూడా నాకు అంత సిగ్గు వేయలేదు. తల ఎత్తలేకపోయాను. "కొత్త షర్టు, నలుగురూ నవ్వుతారని..." అన్నాను. "డిజైనూ లేదు, లండనూ లేదు. అంతా అబద్ధమే సార్."

"మరి నాతో డిజైనంటివి గదరా!" అని మామ ఆక్రోశించాడు.

సరోజ లోపలికి పోయింది. అంతే, అయిపోయింది అనుకున్నాను. కానీ చేతిలో నిమ్మచెక్కతో తిరిగొచ్చి, దాన్ని తండ్రి చేతికిచ్చింది. "ఆ పక్క గూడ పిండుకోమను నాయనా. వాళ్ళమ్మ పెట్టింది పెట్టినట్టే ఇంటికి తీసుకపోనీ," అంది.

నిండు నడవలో, పెళ్ళికొడుకుని నేను, సొంత కాలరు మీద నిమ్మకాయ పిండుకున్నాను. అలాంటి పెళ్ళిచూపులు మీరెక్కడైనా చూశారా? హనుమంతప్ప ఎడమవైపు పచ్చబడేదాకా ఓపికగా చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"గాదిలింగప్పా, లగ్గం పెట్టిద్దాం. వీడు నాటకాలోడు కాదు. ఒగ అబద్ధాన్ని శరబత్తు తాగే అంతసేపు నిలబెట్టలేనోడు నాటకం యాడ ఆడతాడప్పా!"

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. ముందు నా మొహం చూడలేదు, కాలరు చూసింది. రెండు కొసలూ పచ్చగా మెరిసిపోతున్నాయి. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

"సూసినావా? పసుపు ఉంచుకున్న్యావు, సంబంధం కుదిరింది!"

మామ నోరు తెరిచాడు. నేను ఆయన కాలు తొక్కాను. తర్వాత పంటకు అమ్మకు చీర నేనే కొన్నాను. లండన్ షర్టును మాత్రం సరోజ కాపురానికొచ్చిన ఏడాదే కత్తిరించి లాంతరు తుడిచే గుడ్డ చేసింది. నూనె పీల్చదని దాన్ని కూడా పారేసింది.

ఈ కథంతా మనవడికి చెప్పాలని నేను గొంతు సవరించుకునేలోపే వాడు కొత్త అంగీ మంచం మీద పడేసి స్నానానికి పోయాడు. కాసేపటికి దొడ్లోంచి కేక వినిపించింది. "అవ్వా! నా బ్రాండు మీద పసుపు పెట్టినావేంది!" వెంటనే కుళాయి తిప్పిన చప్పుడు. నేను ఈ వయసులో పరిగెత్తగలనని అప్పటిదాకా నాకు తెలియదు. వెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. గోరంత గుర్తు చుట్టూ ఎర్రటి మరక. వాడు భయంగా నా వైపు చూశాడు.

"తాతా, ఇప్పుడు ఫ్రెండ్సుకి ఏం చెప్పాల?"

సరోజ నా వెనకే నిమ్మచెక్క పట్టుకొని నిలబడి ఉంది. ఆమె సాక్షిగా, ఆ నిమ్మచెక్క సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను. బతికున్నంతవరకు పసుపు మీద సబ్బు పెట్టను, టెరిలిన్ తొడగను, నా నోటితో మళ్ళీ లండన్ పేరెత్తను. వాడికి మాత్రం డిజైను అని చెప్పుకోమన్నాను. సరోజ లాంటి పిల్ల ఎక్కడైనా నవ్వుతుందేమో చూద్దాం.