రాములుకు ఎన్నేళ్లు?

లైట్‌మ్యాన్ రాములుకు నిచ్చెన మీద నుంచి పడటం కొత్తేమీ కాదు. ఫిల్మ్‌నగర్‌లో పనికి కుదిరిన కొత్తలో అంతెత్తు నుంచి పడి, చొక్కా దులుపుకుని, చాయ్ తాగి మళ్లీ ఎక్కిన ఘనుడు. ఆ కథ వినని వాళ్లు యూసుఫ్‌గూడలో లేరు, విని విసిగిపోయిన వాళ్లే ఉన్నారు. సెట్లో కింద నిలబడి నిచ్చెన పట్టుకునే పని వయసు మళ్లినవాళ్లది. పైనుంచి వాళ్లను "ముసలోళ్లు" అని ఆటపట్టించడం రాములుకు సరదా.

అలాంటివాడు మొన్న ఇంట్లో ఫ్యాను తుడుస్తూ, పొట్టి నిచ్చెన రెండో మెట్టు మీద నుంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రిలో అతనికి నొప్పికంటే అయోమయమే ఎక్కువైంది.

"గంత ఎత్తుకెళ్లి పడ్డప్పుడు ఏం కాలే. రెండు మెట్లకే గిట్లెట్ల విరిగిందే?" అని భార్య బాలమణిని పదేపదే అడిగాడు.

డాక్టరు వచ్చి వయసు అడిగాడు.

"యాభై సారూ."

యూనియన్‌లో చేరేటప్పుడు రాములు వయసు బాగా తగ్గించి చెప్పాడు. ఎక్కువకాలం నిచ్చెన ఎక్కొచ్చని ఆశ. ఆ లెక్కే చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్మేశాడు.

డాక్టరు ఎక్స్‌రే వంక అనుమానంగా చూశాడు. "యాభై అయితే స్క్రూలు వేసి చూస్తాను. అతుక్కుంటే మళ్లీ పనికి వెళ్లొచ్చు. అరవై దాటితే ఎముక గుల్లబారుతుంది, స్క్రూలు నిలవవు. తుంటి కీలు మార్చాలి. నడుస్తారు గానీ నిచ్చెన ఎక్కకూడదు. నిజం చెప్పండి."

రాములు బాలమణి వైపు తిరిగాడు. నిజమేదో తనకైనా తెలియాలి కదా!

"మన లగ్గం నాటికి నాకెన్నేండ్లే?"

"మా నాయినకు గూడ తగ్గించే చెప్పినవంట. నాకేం ఎరుక?" అంటూ బాలమణి వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "మీ చెల్లె కొమురమ్మకు మొన్ననే అరవై నిండినయి గద. చిన్నప్పుడు ఆమెను ఎత్తుకొని తిప్పింది నువ్వేనాయె."

చెల్లెలు ఎప్పుడు అంత పెద్దదైందో, తను ఎప్పుడు ముసలివాడయ్యాడో ఎంత ఆలోచించినా రాములుకు అంతుపట్టలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

"కీలే మార్చుండ్రి సారూ," అన్నాడు. డాక్టరు వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"కింద నిలబడి నిచ్చెన పట్టుకోవచ్చా?"