గాలికి ఆరిన ఇత్తడిగుండు

మిరియాలూ ధనియాలూ పలుచని గుడ్డలో మూటగట్టి మరిగే రసంలో వేస్తే, ఘాటు కన్నా ముందు ఉడికిన నూలుదారం వాసన లేస్తుంది. దేవుడు క్షమించాలి, ఆ వాసనకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను బడికి పోలేదు. కాడుగోడిలో మా పెరటి పంచలోనే అమ్మ నాకు పదో తరగతి దాకా చదువు చెప్పింది. చలికాలం పొద్దున, మంచు విడవకముందే, అవ్వ పితికిపప్పు కూరకు నానిన అనపగింజలు తొక్క ఊడేలా పిసుకుతూ, ఆడబిడ్డను ఇంట్లో పెట్టి చెడగొడుతున్నావని సాధిస్తుంటే, అమ్మ వినపడనట్టు పొయ్యిమీద నీళ్లు మరగబెట్టి, ఇత్తడి తూకంగుండుకు దారం కట్టి అందులో వేలాడదీసేది. బాగా కాగిన గుండును కంబళిముక్క చుట్టిన రాగిచెంబులోని చన్నీళ్లలో వేసి, ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో చూసి, ఇత్తడి విశిష్టోష్ణం లెక్కగట్టాలి. దారిలో గుండు గాలికి ఆరితే లెక్క చెడుతుంది. అందుకే "గోవిందా అనేలోపల నీళ్లలో పడాల" అనేది అమ్మ. మాకు గడియారం ఆ నామమే. ఏ రోజూ మా లెక్క పెద్దగా తప్పలేదు.

ప్రైవేటుగా పరీక్ష కట్టినందుకు ప్రాక్టికల్‌కు హొసకోటెలో ఒక బడికి పంపారు. అందులో మంచి మార్కులొస్తేనే కాలేజీలో సైన్సు. అక్కడి ఆడపిల్లలు నన్ను "ఇంటిబడి" అని పిలిచి నవ్వారు. బల్లమీద నీళ్లు మరుగుతుండగానే పుస్తకంలోని జవాబును పేపర్లో దించేసుకున్నారు. పరీక్ష పెట్టే సార్ చూసీ చూడనట్టు తిరిగాడు. నా గుండు కాగింది. దారం పట్టి పైకెత్తి, పెదవులు కదిపానో లేదో, ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం గొణుగుతా ఉండావు? పక్కపిల్లకు జవాబు చెప్తా ఉండావా? ఇదేమన్నా గుడి అనుకొంటివా?"

తిట్లు మా అమ్మ దాకా పోయాయి. ఇంట్లో కూచుని చదువు చెప్పే పొగరు ఆమెకు ఎక్కడిదన్నాడు. గుండు అంతసేపూ గాలిలో ఆవిరి వదులుతూ వేలాడింది. మళ్లీ కాచుకుంటానంటే వద్దన్నాడు. చల్లారిన గుండునే నీళ్లలో వేసి, వచ్చిందే రాశాను. పేపరు తీసుకుని, జవాబు ఇంత తక్కువెందుకు వచ్చిందో చెప్పమన్నాడు.

"మీరు తిడతా ఉన్నంతసేపూ అది గాలికి ఆరిపాయ సార్."

ఆయన తల ఎత్తకుండా మార్కులు వేశాడు. గట్టెక్కడానికి సరిపోయాయి, సైన్సుకు చాలలేదు. నేను కామర్సు చదివాను.

అనపచేలున్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. మా అమ్మాయి బడిలో ఈ ప్రయోగం తెరమీదే. మీట నొక్కితే గుండు తనే దూకుతుంది, జవాబు పుస్తకంలో ఉన్నట్టే వస్తుంది. సాయంత్రం దీపం ముందు కూచుని అందరూ చల్లగా ఉండాలని ఒక్కొక్కరినే తలుచుకుంటాను: అమ్మను, సాధించినా కడుపునిండా పెట్టిన అవ్వను, చివరికి నవ్విన ఆ పిల్లలను కూడా. ఆ సార్ వంతు వచ్చేసరికి లేచిపోయి వంటపని చూసుకుంటాను.