కొవ్వూరు మెషిన్ లేచిన ఆదివారం

అవును చిన్నీ, నువ్వు అడిగింది నిజమే. కంప్యూటర్ లేవగానే ముందు ఏ డిస్కు దగ్గరికి వెళ్ళాలో లోపలి బోర్డు మీద ఉండే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామే గుర్తుపెట్టుకుంటుంది. ఆ వరసని మౌస్ ముట్టకుండా, నల్ల తెర మీద టైపు చేసి మార్చవచ్చు. అమ్మమ్మకి ఇవన్నీ ఎలా తెలుసని మీ అన్నయ్య నవ్వడం ఫోన్లో వినపడిందిలే. ఆ నవ్వు వెనకే మీ పాత మెషిన్ బీప్‌మంది. ఎన్నాళ్ళయిందో ఆ చప్పుడు విని! చల్లటి ఏసీ గది, వేడెక్కిన దుమ్ము వాసన, మండువేసవిలోనూ భుజాల చుట్టూ శాలువా కప్పుకుని కూర్చునే సుభద్ర గారు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కాకినాడలో ఒక ఎరువుల కంపెనీలో టైపిస్టుని. అక్కడి కంప్యూటర్లన్నీ సుభద్ర గారే చూసుకునేవారు. నిడదవోలు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మనిషి. టైపు మెషిన్లు మూలపడ్డాక ఇక నా ఉద్యోగం గోడౌన్లో బస్తాలకు చీటీలు అంటించడమేనని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఆవిడ నన్ను తన గదిలోకి పిలిచి కుర్చీ నా వైపు జరిపారు.

"మీటల వైపు చూడకుండా కొడతావు కదా, భయమేంటి? కొట్టు."

ఆవిడ చెప్పిన ఆజ్ఞ టైపు చేశాను. తెర మీద నాలుగైదు పేర్లు, పక్కన అంకెలు వచ్చాయి.

"ఇదే వరస. నిడదవోలు జంక్షన్లో బండి భీమవరం వైపు తిరగాలా, నేరుగా పోవాలా అని బండి వచ్చాక ఆలోచిస్తారా? ముందే పట్టాలు కలిపే పాయింట్లు పెట్టేస్తారు. ఇదీ అంతే."

"తప్పు పెడితేనండి?"

"అందుకే వరస మార్చేయకు. మరుసటిసారికి మాత్రం ఫలానాది అని చెప్పే ఆజ్ఞ ఒకటుంది, అది వాడు. కొత్తది నచ్చిందా, అప్పుడు వరస మార్చు. లేవలేదా, స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే తనంతట తనే పాతదాంతో లేస్తుంది. పెళ్ళిచూపులు కాకుండా ముహూర్తం పెట్టేస్తావా ఏంటి?"

కొన్నాళ్ళకి ఆవిడ ఉద్యోగం మానేస్తున్నారని తెలిసింది. ఆ సీటు నాకివ్వమన్నారు. మేనేజరు గారు మొహం చిట్లించారు. "ఆవిడ టైపిస్టు కదండీ?"

"టైపిస్టేనండి. అందుకే కొట్టిన ప్రతి అక్షరం సరిచూసుకుంటుంది. కొవ్వూరులో మన ఎరువుల డిపో మెషిన్‌ని కొత్త సిస్టమ్‌కి మార్చనివ్వండి, మీరే చూద్దురు గాని."

కాలువలకి నీళ్ళు వదిలే రోజులు దగ్గరపడ్డాయి. సోమవారం నుంచి కొవ్వూరులో ఎరువుల కోసం లారీలు బారులు తీరతాయి. అందుకని ఆదివారం పొద్దున కాకినాడ ఆఫీసులో నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఇక్కడ టైపు చేస్తే ఫోన్ లైను మీదుగా కొవ్వూరు మెషిన్‌కి అందేది. కొత్త సిస్టమ్‌ని ఆ మెషిన్ రెండో డిస్కులో పెట్టి, దాని పేరు వరసలో చేర్చి, ముందురోజే సుభద్ర గారు నిడదవోలు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ, "నాకు ఫోన్ చెయ్యకు, ఎత్తను" అన్నారు.

మరుసటిసారికి మాత్రం కొత్తదని చెప్పి, మెషిన్‌ని మళ్ళీ స్టార్ట్ చేయమన్నాను. ఎంతసేపు చూసినా జవాబు లేదు. రేపు మేనేజరు గారి మొహం ఎలా ఉంటుందో కనిపించింది. బస్తాల చీటీలూ కనిపించాయి. డిపో వాచ్‌మన్ అప్పారావుకి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఏదో ఇంగ్లీషు ముక్క వచ్చి ఆగిపోయిందమ్మగారూ. నేను ముట్టుకోనేదండి!"

"నిన్నేమీ అనట్లేదయ్యా. స్విచ్ ఆపి, కాసేపాగి వెయ్యి."

పాత సిస్టమ్ బుద్ధిగా లేచింది. ఏమీ పోలేదు! అప్పుడు వరసలోని వివరాలు అక్షరం అక్షరం చదివాను. కొత్తదాని దగ్గర రెండో డిస్కు ఉండాల్సిన చోట మొదటి డిస్కు ఉంది. ఆ పేరు తీసేసి, సరిగ్గా చేర్చి, మళ్ళీ ఒక్కసారికే అని చెప్పాను. ఈసారి లేచింది. అన్నీ సరిచూసుకున్నాకే వరస మార్చాను. సుభద్ర గారి సీటు నాకే ఇచ్చారు, ఆ సీట్లోనే రిటైరయ్యాను. ఇప్పటికీ కొత్త పనేదైనా ముందు ఒక్కసారికి అనుకునే మొదలుపెడతాను. స్కూటీ అయినా, ఈ వీడియో కాల్ అయినా అంతే.

ఆరోజు ఫోన్ పెట్టేయబోతుంటే అప్పారావు అన్నాడు. "సుభద్రమ్మగారు పొద్దున్నే ఫోన్ చేశారండి. మీ ఫోనొచ్చేదాకా స్విచ్ దగ్గర్నుంచి కదలొద్దన్నారండి."

ఆవిడ పనిలో అలాంటి తప్పు అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. తర్వాత కొవ్వూరు బస్టాండులో కలిసినప్పుడు అడిగాను కూడా. "ఎండగా ఉంది, సోడా తాగుదాం రా" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. మళ్ళీ అడుగుదామనుకునేలోపే ఆవిడ పోయారు.

ఆ డిస్కు పేరు పొరపాటున తప్పు కొట్టారా సుభద్ర గారూ, లేక నా కోసమే అలా ఉంచారా?