దారంతో కుట్టిన చివరి అధ్యాయం

ఇస్త్రీపెట్టెలో బొగ్గు రాజుకునే వాసన వస్తే చాలు, మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సూ, ముందు సీటులో నవల ఒడిలో పెట్టుకుని కూర్చున్న ఓవర్సీరు నరసప్పగారూ గుర్తొస్తారు. యుద్ధకాలం. పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యి తగిలించి నడిపేవారు. మిట్ట వస్తే బస్సు ఆగేది, అందరం దిగి తోయాలి. రోడ్ల పని మీద మేమిద్దరం తరచూ ఆ దారినే తిరిగేవాళ్ళం.

మద్రాసులో సర్వే చదివి ఆయన కింద చేరిన ఏడాది, వంద నవలలు చదవాలని నిర్ణయించుకున్నాను. గళ్ళ కాగితం మీద పట్టిక గీశాను: పేరు, పేజీలు, మొదలుపెట్టిన రోజు, ముగించిన రోజు. ఉగాదికి సగం నిండిన పట్టికను ఆయనకు గర్వంగా చూపించాను. ఒక నవల పేరు మీద వేలు పెట్టి, "ఇందులో పిల్ల ఇల్లిడిసి యాల పాయె?" అని అడిగారు.

ఎందుకు పోయిందో వదిలేసి పేజీల గడి చూపించాను. "పెద్ద పుస్తకం సార్," అన్నాను.

"రోడ్డు కొలిసినావప్పా, నడవలా," అని నవ్వారు.

ఆయన దగ్గర పెట్టెడు నవలలు ఉండేవి. ప్రతిదానిలో చివరి అధ్యాయాన్ని గోనెదారంతో కుట్టేసేవారు. అక్కడిదాకా చదివి, కథ ఎట్లా ముగియాలో, ఎందుకో చెప్పాలి. అప్పుడే దారం తెగేది. "బండి పోకముందే వంతెన ఎంత మోస్తాదో చెప్పల్ల గదా. నవలకీ అంతే," అనేవారు. పందెం కూడా ఆయనే కట్టారు. "డిసెంబరులో రిటైరవుతాండా. అంతలోపల నేను ఒప్పేటట్ల వంద నవలలు సెప్తే పెట్టె నీది. లేదంటే నా తమ్ముని కొడుకు ఎత్తకపోయి పొట్లాలకు అమ్ముకుంటాడు."

పాత పట్టిక చించేసి మళ్ళీ మొదలుపెట్టాను. మొదట్లో "బాగుంది సార్" అనేవాణ్ణి. "ఇడ్లీ గూడా బాగుంటాది. నవల సంగతి చెప్పు," అని పుస్తకం తిరిగి ఇచ్చేసేవారు. మెల్లగా నాకూ అభిప్రాయాలు మొలిచాయి. చిక్కుముడి విప్పలేక నాయకుణ్ణి జ్వరంతో చంపే రచయితలంటే పడదని తేలింది. వంటింట్లో ఆడవాళ్ళ మాటలు సరిగ్గా రాసినవారి మిగతా తప్పులన్నీ క్షమించగలనని కూడా తేలింది.

డిసెంబరు ఆఖరులో ఒకటే మిగిలింది, ఆయనకు ప్రాణమైన నవల. భర్త వదిలేసి పోతే చదువుకుని బడి పెట్టిన ఒక స్త్రీ కథ అది. పుంగనూరు దాటాక మిట్ట మీద బస్సు ఆగింది. అందరం దిగాం. భర్త తిరిగొచ్చినా ఆమె బడి వదలదని నా ముగింపు చెప్పాను. నరసప్పగారు చాకుతో దారం తెంచి అందరికీ వినబడేలా చదివారు. అందులో ఆమె వెళ్ళి భర్త కాళ్ళ మీద పడింది.

"తప్పినావప్పా."

"నేను కాదు సార్, రాసినాయన తప్పినాడు. ఇన్ని అధ్యాయాలు ఆమెను నిటారుగా నిలబెట్టి, ఆఖర్న ఆయనే కూలగొట్టినాడు."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఇరవై ఏండ్లుగా ఇది సదివి ఏడుస్తాండా నేను!"

పెట్టె చేజారిందనుకున్నాను. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఇంతలో కోళ్ళగంపతో నిలబడ్డ సదుం ఊరి ఆవిడ ఒకామె కలగజేసుకుంది. "ఈయప్ప సెప్పేదే నాయం. ఇడిసిపెట్టి పోయినోడి కాళ్ళ మింద యాల పడుతుందప్పా? బడి ఉండాది గదా ఆయమ్మకు."

"మొగుడు మొగుడే గదమ్మా," అన్నాడు డ్రైవరు.

"నువ్వు బొగ్గు సూసుకోప్పా!"

అందరూ నవ్వారు. కాసేపటికి నరసప్పగారూ నవ్వారు. "ఆయమ్మ కోసరం ఇన్నేండ్లు ఏడిస్తి గానీ, రాసినాయన మింద ఒక్కసారన్నా కోపం రాలా. నీకొచ్చింది. వంద!" అని చాకు మడిచి నా చేతిలో పెట్టారు. మిట్ట ఎక్కేదాకా ఆ బస్సును నేనొక్కణ్ణే తోసినట్టు ఉండింది నాకు.

పెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఈ ఏడు లక్ష్యం నూట ఇరవై. చివరి అధ్యాయాలు నా భార్య కుడుతుంది. నిన్న ఒక నవలకు నా ముగింపు మొత్తం విని, "ఆమె అట్ల చేసే మనిషి కాదు," అంది. గంటసేపు వాదించి ఓడిపోయాను. చాకు తీసి నా భార్యకే ఇచ్చాను.