గెడ్డ దాటడానికి తారాబలం

మా చోడవరంలో జీపులవాళ్ళ సంఘం ఒకటి ఉంది. సంఘం అంటే రెండు జీపులు. యుద్ధం అయిపోయాక సైన్యంవాళ్ళు అమ్మేసిన డిస్పోజల్ సరుకు, స్టీరింగ్ ఎడమ వైపు. ఒకటి బెల్లం వ్యాపారం చేసే మా మావయ్యది, రెండోది ఆయన స్నేహితుడు డాక్టరు గారిది. మావయ్య అధ్యక్షుడు, డాక్టరు గారు ఉపాధ్యక్షుడు. కాకినాడలో మెకానికల్ డిప్లొమా చదివి వచ్చిన నేను సాంకేతిక కార్యదర్శిని. అంటే జీపు కింద పడుకునేవాడిని.

రోడ్డు ఉన్నచోట వెళ్ళకపోవడం సంఘం ఆశయం. చీడికాడకి కంకర రోడ్డు ఉండగా చెరకు తోటల మధ్య బండిదారి పట్టి, గెడ్డలో, అంటే కొండవాగులో, దిగి, కొండ మొదలు దాకా పోయి, అక్కడ పులిహోర తిని వచ్చేవాళ్ళం. ఇది సకుటుంబ సంఘమని మావయ్య గర్వంగా చెప్పుకునేవాడు. నిజమే, కుటుంబాలకి ఇందులో చాలా పని ఉండేది. ఆడవాళ్ళు తెల్లవారకముందే లేచి వండాలి. గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని వెనక బల్లల మీద కూర్చోవాలి. జీపు ఇసకలో దిగబడితే దిగి తొయ్యాలి. తోశాక, "ఎలా తీసేనో సూసేరా?" అని మావయ్య అడిగితే చూశామని చెప్పాలి. స్టీరింగ్ పట్టుకునే కష్టం ఒక్కటీ మగవాళ్ళు దయతో తమ మీద వేసుకున్నారు.

ఈ దయ మా అత్తకి నచ్చలేదు. ఆవిడకి జీపు నడపాలని కోరిక. ప్రతి ప్రయాణంలోనూ అడిగేది.

"ఒక్క ఫర్లాంగు ఇవ్వండి. ఎదర ఖాళీ చేనే కదా."

"ఆడదాని చేతిలో బండి మాట వినదే," అనేవాడు మావయ్య.

ఆయన చేతిలో అది ఎంత మాట వినేదో, గేరుపెట్టె అడుగున పేరుకున్న ఇనప రజను చూసిన నాకు తెలుసు. అందుకే ఆయన బస్సెక్కి అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి వెళ్ళిన రోజుల్లో, మరమ్మతు తరవాత పరీక్ష అనే పేరుతో, కోత అయిపోయిన చెరకు చేలో అత్త చేత జీపు నడిపించేవాణ్ణి. గేరు నా కన్నా మెత్తగా వేసేది. కానీ చేలో నడపడం నడపడం కాదని ఆవిడ అభిప్రాయం. అందరూ చూస్తుండగా, మావయ్య బండిలో ఉండగా నడపాలి.

ఇక మావయ్య తల్లి, మా అమ్మమ్మ. సంఘంలో ఏ పదవీ లేదు కాబట్టి అధికారమంతా ఆవిడదే. నీళ్ళలో బండి దించేముందు తోలేవాడి జన్మనక్షత్రం నుంచి ఆనాటి నక్షత్రం దాకా లెక్కపెట్టి, తొమ్మిదితో భాగించి తారాబలం చూసేది. శేషం మూడో, అయిదో, ఏడో వస్తే వాడు తోలకూడదు. మావయ్య దీన్ని సంఘం నిబంధనల్లో చేర్పించాడు. ఫ్యాను బెల్టు విప్పకుండా నీళ్ళలో దిగితే ఫ్యాను నీళ్ళు చిమ్మి ఇంజను తడిసి ఆగిపోతుందని నేను చెప్పినది మాత్రం చేర్చలేదు. దానికి శాస్త్రప్రమాణం లేదట.

ఆశ్వయుజంలో ఒక ఆదివారం బయల్దేరాం. పొద్దున్న రోహిణి, అందరికీ అనుకూలం. మడమలు తడిసే నీళ్ళలో గెడ్డ దాటాం. కొండ దగ్గర భోజనాలు చేస్తుండగా పైన ఎక్కడో వాన పడింది. తిరిగి వచ్చేసరికి గెడ్డ ఎర్రబడి మోకాళ్ళ లోతు పారుతోంది. మావయ్య గేరు వేయబోయాడు.

"ఒరే బాబూ, ఆగు!" అంది అమ్మమ్మ వేళ్ళు మడుస్తూ. "నచ్చత్రం మారిపోనాది. మృగశిర వచ్చీసినాది. నీది పుష్యమి. శేషం ఏడు. దిగకు!"

మావయ్య గేరు తీసేశాడు. డాక్టరు గారిది మఖ, శేషం అయిదు. నాది ఉత్తర, శేషం మూడు. ఉన్న మూడు చెడ్డ శేషాలనీ ముగ్గురం ఒక్కటి కూడా మిగల్చకుండా పంచుకున్నాం.

"ఎంతసేపమ్మా ఈ మృగశిర?"

"రేపు బోజనాలేల దాకా."

వచ్చేటప్పటి నక్షత్రం కూడా చూసుకోవాలని ఇంతమంది పెద్దల్లో ఒక్కరికీ తోచలేదు. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ఊళ్ళో అందరికీ ఇంగ్లీషు మందులిచ్చే డాక్టరు గారు, "పెద్దల మాట తీసెయ్యలేం కదా," అన్నారు. నేను నీటి అంచున గుచ్చిన పుల్ల మునిగిపోయింది.

"మావయ్యా, ఇంకాసేపు ఆగితే తారాబలంతో పని ఉండదు. తెప్ప కావాలి."

అప్పుడు అత్త వెనక బల్ల మీంచి దిగి అమ్మమ్మ ముందు నిలబడింది.

"నాది స్వాతి. లెక్కెట్టండి."

అమ్మమ్మ లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మళ్ళీ పెట్టింది. "శేషం నేదు. పరమమైత్రి! ఇంతకన్నా మంచిది ఉండదే!"

"తార బాగుంటే సరా? దానికి తోలడం వచ్చేటి?" అన్నాడు మావయ్య.

"వచ్చు," అన్నాను.

"ఎవడు నేర్పేడ్రా?"

"మరమ్మతయ్యాక పరీక్ష చెయ్యాలి కదా మావయ్యా."

ఆయన నాకు చెప్పదలుచుకున్నది అమ్మమ్మ చెప్పనివ్వలేదు. "తరవాత తిట్టుకుందువు గాని, దిగరా. అది ఎక్కాలి."

నేను రెండు జీపుల ఫ్యాను బెల్టులూ విప్పాను. అత్త చీర కొంగు బిగించి కూర్చుంది. మావయ్య వెనక బల్ల మీదకి చేరాడు. ఎవరో అలవాటుగా పులిహోర గిన్నె ఆయన ఒళ్ళో పెట్టారు. జీపు నీళ్ళలో దిగగానే ఆయన సలహాలు మొదలయ్యాయి.

"గేరు మార్చు! మార్చవే!"

"నీట్లో మార్చకూడదండీ. మార్చే కదా పోయినసారి ఆపీసేరు."

మధ్యలో వెనక చక్రాలు దిగువకి జారాయి. అత్త యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తలేదు. ఇంజను గుర్రుమంటూనే అవతలి గట్టెక్కింది. గట్టెక్కిన జీపుకి తాడు కట్టి, అది పట్టుకుని గెడ్డలో వెనక్కి నడిచి, డాక్టరు గారి జీపు కూడా ఆవిడే తెచ్చింది. డాక్టరు గారు అందులో కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

"సరే, దిగు. గెడ్డ అయిపోనాది," అన్నాడు మావయ్య.

"ఊరికి ముందు ఇంకో కాలవ ఉందండీ," అంది అత్త, దిగకుండా.

ఆ కాలవలో కాకి స్నానానికి కూడా నీళ్ళుండవు. అయినా నిబంధన నిబంధనే. చోడవరం బజారు వీధంతా చూస్తుండగా మావయ్యని ఆయన భార్య ఇంటికి తీసుకొచ్చింది.

ఆ వారమే సంఘం సమావేశమైంది. ఈ సైన్సు కాలంలో తారాబలం మూఢనమ్మకమని మావయ్య ఉపన్యసించాడు. ఆయన ఇంత ఆధునికుడని అంతవరకూ ఎవరికీ తెలియదు. డాక్టరు గారు బలపరిచారు. నిబంధన రద్దయింది. అమ్మమ్మ రెండు పూటలు కొడుకుతో మాట్లాడలేదు.

తరవాతి ప్రయాణం రోజున మావయ్య ఈల వేసుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. అత్త అప్పటికే ఎడమ వైపు సీట్లో కూర్చుని ఉంది.

"ఇదేటి? ఆ రూలు తీసేసేం కదా!"

"అందుకే కూచున్నాను. అదున్నన్నాళ్ళూ మంచి తార కోసం చూసుకోవాలి. ఇప్పుడు ఏ రోజయినా పరవాలేదు," అంది అత్త. "ఎక్కండి, వెనక చోటుంది."