జేబులోకి వెళ్ళిన కార్బురేటర్ ముక్క

నా చిన్నప్పుడు అంటే గుర్రబ్బళ్ళు తిరిగిన కాలమేమీ కాదు లెండి, మా నాన్న ఫోనులో పాము ఆట ఆడుకున్న కాలం. పెదపాడు దగ్గర, చేపల చెరువుల మధ్య మా ఊరు. నాన్న తాడేపల్లిగూడెం ఆఫీసుకి రోజూ రైల్లో వెళ్ళొచ్చేవాడు కాబట్టి, ఆయన మోటారు సైకిలు రెండేళ్ళుగా కొట్టంలో మేత బస్తాల పక్కన పడుకుంది. పడుకుంది అని మేం అనేవాళ్ళం. చూసినవాళ్ళు ఇంకో మాట అనేవాళ్ళు.

పక్కింటి అక్కకి ఏలూరులో టీచరు ఉద్యోగానికి పరీక్ష పడింది. నాన్న ఎక్కే రైలు పరీక్ష టైముకి అందదు, మా ఊరి నుంచి పొద్దున్నే వెళ్ళే ఆటో ఒక్కటే. నాన్న ఊరుకోకుండా, "ఆటో ఎందుకమ్మా, మన బండి లేదూ" అనేశాడు. బండి ఉన్నమాట నిజమే.

ముందురోజు సాయంత్రం అరుగు మీద పాత పేపరు పరిచి కార్బురేటర్ విప్పాడు. వీధిలో సగం మంది చూడటానికొచ్చారు. పాత పెట్రోలు లోపల గట్టిపడి బంకలా అయిపోయింది, కుళ్ళిన వార్నిషు వాసన. నాన్న ఒక్కో ముక్కనీ కొత్త పెట్రోల్లో కడిగి, వలనూలు పోగుతో సన్నటి కన్నాలు పొడిచి, నోటితో ఊది మరీ చూపించాడు. "మీకు రాని పని లేదండీ" అన్నారెవరో. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అన్నీ బిగించాక పేపరు మీద సూదిమొన లాంటి చిన్న ముక్క ఒకటి మిగిలింది. నాన్న దాన్ని చూశాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. నెమ్మదిగా తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను చూశాను. నేను చూడటం నాన్నా చూశాడు.

"పొద్దున స్టార్ట్ చేద్దాం, ఆరాలి" అన్నాడు.

పొద్దున్నే వీధివాళ్ళు మళ్ళీ చూడటానికొచ్చారు. ఆటో వచ్చి అక్క కోసం ఆగింది. నాన్న చెయ్యూపి పంపించేశాడు. తర్వాత పెట్రోలు ట్యాపు తిప్పాడు. కార్బురేటర్ కింది గొట్టంలోంచి పెట్రోలు ధారగా కారిపోయింది. కిక్కు మీద కిక్కు కొట్టాడు. బండి దగ్గింది, అంతే. "కొత్త పెట్రోలు కదా, సర్దుకుంటుంది" అన్నాడు. సర్దుకోలేదు. అక్క హాల్ టికెట్టు గుండెలకి హత్తుకుని నిలబడింది. నాకు ఆ మేత బస్తాల్లో దూరిపోవాలనిపించింది. నాకే అలా ఉంటే, ఆయనకెలా ఉందో ఇప్పుడు ఊహించగలను.

కాసేపటికి నాన్న కిక్కు కొట్టడం మానేసి, జేబులోంచి ఆ ముక్క తీసి అక్క ముందు పెట్టాడు. "ఇది లోపల ఉండాలమ్మా. ఎక్కడ పెట్టాలో నాకు తెలీలేదు. రాత్రే చెప్పాల్సింది."

ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"పర్లేదు బాబాయిగారూ" అంది అక్క. వాళ్ళ నాన్న సైకిలు తెచ్చి, వెనక కూర్చోబెట్టుకుని మెయిన్ రోడ్డు దాకా తొక్కాడు. అక్కడ బస్సు దొరికేసరికి, ఆ బస్సు ఏలూరు చేరేసరికి పరీక్ష గేటు మూసేశారు.

మళ్ళీ పరీక్ష పడేదాకా అక్క ఇంటి దగ్గరే పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంది. ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. రెండోసారి పరీక్షకి వెళ్ళేముందు మా గుమ్మంలోకొచ్చి, "వెళ్ళొస్తాను బాబాయిగారూ" అని చెప్పి మరీ ఆటో ఎక్కింది. నాన్న తలూపాడు గానీ మొహం ఎత్తలేకపోయాడు. ఆమె తిట్టుంటే ఆయన ఆ పూట అన్నం తినేవాడేమో.

నాన్న నిజం చెప్పాడు. అంతమందిలో చెప్పడం చిన్న విషయం కాదని నాకిప్పుడు తెలుసు. ఆటో వెళ్ళిపోయాక చెప్పాడు, అదొక్కటే తేడా.

ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా పని తెస్తే, అది నాకు రానిదైతే కుర్చీ కూడా చూపించను. "నాకు రాదండీ, ఇప్పుడే ఇంకొకరిని అడగండి" అంటాను. బద్ధకం అనుకునేవాళ్ళున్నారు, వినయం అనుకునేవాళ్ళూ ఉన్నారు. రెండూ కాదు. వాళ్ళకి ఇంకా టైముంది, అంతే.